కడపటి ముద్ద వ్రతకథ

కథ వినువారలారా, చేతులు కడుగకుడు. అన్ని నోములకును అక్షతలు చేతబట్టి కథ విందురు. ఈ నోమునకు మాత్రము ఎంగిలి చేతితో, ఆకు ముందు, లేవక విందురు. అది ఏల యన్నది కథలోనే తెలియును. పాయసము మరియొక గరిటె కావలసినవారు ఇప్పుడే అడుగవచ్చును. నడుమ అడిగినచో కథకు అడ్డు, పాయసమునకు చిన్నతనము. బంతి కడను బిడ్డ ఇంకను తినుచున్నాడు. అతడు తినునంతసేపు చెప్పుకొందము.

పూర్వము శ్రుతశీలుడను ముని, తన తల్లి పోయిన యేడాదికి, చిరంతన మహాముని ఆశ్రమమునకు వచ్చి నమస్కరించి కూర్చుండి, చాలసేపు ఏమియు పలుకకుండెను. చిరంతనుడు వయసు మీరినవాడు, ముక్కుమీద కోపము గలవాడు. దర్భలు కోయుచునే ఆయన, ఊరక కూర్చుండుటకు ఇంత దూరము రానేల, ఆ పని నీ ఆశ్రమముననే చేయవచ్చును గదా యనెను. అప్పుడు శ్రుతశీలుడు చేతులు జోడించి యిట్లు అడిగెను.

“మహాత్మా, తిలోదకములు విడిచితిని. పిండములు పెట్టితిని. గోదానము చేసితిని. శాస్త్రము చెప్పినది ఏదియు మానలేదు. అయినను అన్నము ముందు కూర్చుండునప్పుడు నా ప్రక్కను ఎవరును లేరను తలంపు నన్ను విడుచుటలేదు. తల్లినో తండ్రినో పోగొట్టుకొన్నవారికి ఈ వెలితి తీర్చు వ్రతమేదైన కలదా?”

చిరంతనుడు కొడవలి ప్రక్కన పెట్టెను. కోపము తగ్గిన గొంతుతో ఆయన చెప్పినది ఇది. వెలితి తీర్చునది లేదు, ఆ ఆశ విడువుము. కాని వ్రతము కలదు. దానిని కడపటి ముద్ద వ్రతమందురు. కాంస్యపురమున ఏచన యను కంచరి దానిని తప్పుగా చేసి చెడెను, మరల తప్పుగా చేసి మరింత చెడెను, కడకు చేయుటకు చేతిలో ఏమియు లేనినాడు సరిగా చేసెను. ఆ కథ వినుము.

పినాకినీ నదీతీరమున కాంస్యపురమను పట్టణము కలదు. అందు కంచరివీథిలో ఏచన గంటలు పోయుచు జీవించెను. గంటకు అందము కాదు ముఖ్యము, గట్టిగా మ్రోగుట కూడ కాదు. మ్రోగిన పిదప నిలుచు నాదము ముఖ్యము. ఏచన పోసిన గంటను ఒకమారు తట్టి, ఏటికి పోయి కడవ నింపుకొని వచ్చినను అది ఇంకను పలుకుచుండునని జనులు చెప్పుకొనిరి. జనులమాట గదా, కొంత తీసివేసినను మంచి గంటయే. అచ్చు చల్లారకముందు విప్పినచో కంచు పగులును. ఏచన తన జన్మమున ఒక్క అచ్చునైనను తొందరపడి విప్పలేదు.

అతని తల్లి పేరమ. భర్త పోయిన పిదప ఆమె కొలిమి వెనుకనున్న పందిరి క్రింద ప్రతి అమావాస్యనాడు పట్టణములోని అంగవైకల్యము గల పిల్లలను చేర్చి అన్నము పెట్టుచుండెను. చూపు లేనివారు వచ్చిరి, నడువలేనివారు వచ్చిరి, వినలేనివారును బుద్ధి మెల్లగా సాగువారును వచ్చిరి. ఊరు వారినందరిని ఒక్కమాటతో అవిటివాండ్రనెను. పేరమకు వారందరు వేరువేరు పేర్లు గలవారు, వేరువేరు కూరలమీద మనసు గలవారు. ఒకనికి వంకాయ గిట్టదని, ఒకతెకు పులుసులో ముక్క తగులకున్న ముద్ద దిగదని ఆమెకు తెలియును. తానును వారితోపాటు ఆకు వేసికొని కూర్చుండెను. ఆచారవంతులు గొణిగిరి. ఆమెకు చెవుడు లేదు గాని, అట్టి సమయమున కొంచెము వచ్చెడిది.

మన దేశమున బంతిభోజనమునకు ఒక మర్యాద కలదు. బంతిలో పెద్దవారు చివరి పుడిసెడు నీరు త్రాగి లేచువరకు పిన్నలు లేవరాదు. పెద్దవారు లేచిన పిదప ఎవరును తినుచు కూర్చుండరాదు. పేరమ ఈ మర్యాదను గట్టిగా పట్టుకొనెను. తాను పెద్దది గనుక, బంతి కడను, అందరికంటె మెల్లగా తినువారి ప్రక్కను పీట వేసికొనెను. వారి ఆకు ముగియువరకు ఆమె లేవలేదు. ఆమె లేవదు గనుక ఎవరును లేవలేదు. అందరి చేతులును ఎండిపోయెను, అంటిన మెతుకులు రాలిపోయెను. ఆ ఖాళీసేపున ఆమె తన చిన్ననాటి కబుర్లు చెప్పెను. ఏచన బాలుడై యుండగా ఆటకు పోవు తొందరలో, అమ్మా, చేయి ఎండిపోయినదని సణిగినపుడెల్ల ఆమె అనుమాట ఒక్కటే.

“ఎండితే ఎండనీరా. నీళ్లు పోస్తే పోతుంది.”

కడపటి కాలమున ఆమె ప్రక్కను కూర్చుండినది తిప్పమ యను, చేపలు పట్టు పల్లెకారుల బాలిక. తిప్పమకు చేతులు వణకును, మెడ నిలువదు, మాట ముద్దగా వచ్చును. ముద్ద ఆకునుండి నోటికి చేరులోపల సగము రాలును. రాలినదానిని ఏరి మరల ఎత్తుకొనును. తినిపింతుమన్నచో పెదవులు బిగించును. తన అన్నము తాను తినుట ఒక్కటే ఆ బిడ్డకు లోకమున తనదైన పని. పేరమకు అది తెలిసి, ఏనాడును తినిపింప చేయి సాచలేదు.

మాఘ బహుళ పంచమినాడు పేరమ కాలము చేసెను. ఏచన మిక్కిలి ఏడ్చెను. ఇక చాలునని పెద్దలు చెప్పిన నాడు మానెను, లోపల మానలేదు. పొయ్యిదగ్గర ఆమె లేదు, కొలిమి వెనుక ఆమె లేదు, పిలిచినచో పలుకువారు లేరు. తల్లి పేరు నిలుపవలెనని తలచి అతడు పందిరి తీయించి రాతిసత్రము కట్టించెను. దానికి పేరమాంబా ధర్మసత్రమని పేరు పెట్టెను. ఏటేట తల్లి తిథినాడు చుట్టుపట్ల ఊళ్లలోని అంగవికలులైన పిల్లలందరికిని భోజనము పెట్టుదునని సంకల్పించెను. అంతవరకు మంచిదే. అటుపిమ్మట తన చేతులతో తల్లి ప్రతిమను కంచున పోసి, పూలమాల వేసి, బంతి కడను ఆమె పీటమీదనే ప్రతిష్ఠించెను. తల్లికి ఇంతకంటె గౌరవమేమి యని ఊరెల్ల మెచ్చెను. ఓయి శ్రుతశీలా, కొడుకు చేసిన తప్పు అదియే. కూర్చుండవలసినచోట మనిషి లేకపోయెను.

మొదటి సంవత్సరీకము వచ్చెను. పిల్లలు బండ్లమీద, తల్లుల చంకల, ఒకరి భుజము ఒకరు పట్టుకొని వచ్చిరి. ఏచన పెద్దవాడు గనుక బంతి మొదట కూర్చుండెను. తలయెత్తి చూచినచో కడను కంచు ప్రతిమ కనబడెను. అది తల త్రిప్పదు, కబుర్లు చెప్పదు. అతడు ఇక చూడలేక, పుడిసెడు నీరు త్రాగి చటుక్కున లేచెను. బంతి అంతయు లేచెను. ప్రతిమ ప్రక్కనున్న తిప్పమ చేతిలోని ముద్దను ఆకున విడిచెను. పనివారు వచ్చి ఆకు ఎత్తుకొనిపోయిరి. ఆ బిడ్డ పీటవైపు చూచెను, తలుపువైపు చూచెను. ఏదో అనినదని ఒకడు చెప్పెను. అర్థము కాలేదని వాడే చెప్పెను.

నాడు గోడమీద పెట్టిన పిండమును కాకి ముట్టలేదు. ఒక కాకి వచ్చి దూరమున కూర్చుండి, మెడ వంచి చూచి, ఎగిరిపోయెను. ఏచన ఎండలో నిలువబడి, అమ్మా నీకు ఏమి తక్కువ చేసితినని అడిగెను.

నాటినుండి అతని గంటలకు నాదము నిలువలేదు. మ్రోగును, వెంటనే తెగును. కొయ్యను తట్టినట్లుండెను. అంతేకాదు, అతడు అన్నమునకు కూర్చుండినంతనే ప్రక్కనున్నవారు లేచిపోవుచుండిరి. అతిథికి ఇంటినుండి కబురు వచ్చును, పనివానికి కొలిమి గుర్తుకు వచ్చును, భార్య అక్కసానికి పొయ్యిమీద పాలు పొంగును. అతడు ఒక్కడే ఆకు ముందు మిగులును.

రెండవ యేడు వచ్చునప్పటికి, దానము చాలలేదేమో యని ఒక పండితుడు చెప్పెను. దానము చాలలేదని చెప్పు పండితునకు ఏ కాలమునను కొదువ లేదు గదా. ఏచన పిండివంటలు హెచ్చించెను, ప్రతి బిడ్డకును క్రొత్తబట్టలును కంచుగిన్నెయు ఇచ్చెను. తాను మాత్రము కూర్చుండలేదు. కడనున్న ఆ పీట కంటబడకుండ వాకిట నిలిచి, లోపలి సంగతి వంటపెద్దకు విడిచెను. రెండవ బంతివారు కాచుకొని యున్నారని వంటపెద్ద చేతులు చరచి మొదటి బంతిని లేపెను. ఆ యేడును తిప్పమ చేతిలోని ముద్ద ఆకున పడెను. ఆ యేడును కాకి ముట్టలేదు.

పిదప చెడుట వేగముగా సాగెను. కొన్నవారు గంటలు తిరిగి తెచ్చియిచ్చిరి. పనివారు వేరు కొలుములకు పోయిరి. సత్రము మూతపడెను. అక్కసాని చాలకాలము ఓర్చుకొనెను. ఒకనాడు ఆమె, మీరు నాతో అన్నము తిని ఎన్నాళ్లయినదో మీకు తెలియునా, నేను పొయ్యి చూచి వచ్చులోపల రెండు ముద్దలు మింగి లేతురు, గోడతో కాపురము చేయుటకంటె అన్నగారి యింట ఉండుట మేలని చెప్పి, పిల్లలను తీసికొని పుట్టినింటికి పోయెను. కోపముతో పోలేదు. వీథిమలుపున నిలిచి వెనుకకు చూచెనట. ఏచన వాకిట లేడు.

కడకు కంచు కొనుటకును గతి లేకపోయెను. ఏచన చాలసేపు ప్రతిమ ముందు కూర్చుండి, ఏడ్చి, దానిని కరిగించి ఒక గంట పోసెను. తల్లి రూపమే నాదమగునని ఆశపడెను. చల్లారిన పిదప అచ్చు విప్పి తట్టెను. అదియును కొయ్యవలె పలికెను. అతడు దానిని సత్రపు పంచలో క్రిందిదూలమునకు కట్టి విడిచెను. ఎవరు కొందురు?

మూడవ తిథి వచ్చెను. బ్రాహ్మణుడు లేడు, బంతి లేదు, పిండివంట లేదు. ఏచన తానే గుప్పెడు బియ్యము వండి, గోడమీద ముద్ద పెట్టి, కాచుకొని, కాకి రాకపోగా మిట్టమధ్యాహ్నమున సత్రపు పంచలోనికి వచ్చి ఆకు వేసికొనెను. అంతలో గోడ పట్టుకొని ఒక బాలిక మెల్లగా వచ్చుట కనబడెను. తిప్పమ. సత్రము మూసిరని ఊరందరికి తెలియును, ఆమెకును తెలియును. తిథి గుర్తుండి వచ్చెను. వచ్చి తన చోటున, బంతి కడను, కూలబడెను.

ఏచన తన యొద్ద ఉన్న అన్నమును రెండు ఆకులకు పంచెను. మిగిలిన పీట ఒక్కటే, తల్లి పీట. మూడేండ్లుగా అతడు చూడలేకపోయిన చోటు అది. దానిమీదనే కూర్చుండెను.

అతని అన్నము త్వరగా ముగిసెను. తిప్పమ ముద్ద ఎత్తును, రాల్చును, ఏరును, మరల ఎత్తును. అలవాటు చొప్పున ఏచన నీటిచెంబు అందుకొనబోయెను. అప్పుడా బిడ్డ మెడ కష్టముమీద త్రిప్పి, ప్రతి మాటను కూడదీసికొని యిట్లనెను.

“లేవబాకయ్యా. నువ్వు లేస్తే నేనూ లేవాల. అవ్వ ముద్ద ఇంకా పెట్టలా.”

ఏ ముద్ద యని అతడు అడిగెను. ఆమె చెప్పినది అతనికి తెలియుటకు చాలసేపు పట్టెను, కాని ఈమారు వినుటకు అతడు తప్ప ఎవరును లేరు, అతనికి పోవలసిన చోటును లేదు. పేరమ మంచమెక్కుటకు ముందు తిప్పమతో, నేను పోయినాక నీ ఆకున కడపటి ముద్ద నాకు ఉంచవే, నీవు మెల్లగా తిందువు గనుక నేను ఎంత ఆలస్యముగా వచ్చినను అది ఉండునని చెప్పినదట. బిడ్డ ఒప్పుకొన్నదట. రెండేండ్లును ఆ ముద్దవరకు రాకముందే బంతి లేచినదట.

ఏచన చెంబును ప్రక్కకు నెట్టెను. అతడు తల్లి పోయిననాడు ఏడ్చినట్లు ఏడ్చెను. తిప్పమ అతనిని చూచి, తినుట మానబోయెను. అది కనిపెట్టి అతడు కన్నులు తుడుచుకొని, ఏమియు తోచక, తల్లి చెప్పిన కబుర్లలో ఒకటి మొదలుపెట్టెను. పిమ్మట మరియొకటి చెప్పెను. అతని చేయి ఎండిపోయెను, మెతుకులు రాలెను. పంచలోని ఎండ వారి ఆకులు దాటి గోడకు ఎక్కెను. తన తల్లి ఇన్నేండ్లు ఇక్కడ కూర్చుండి ఏమి చూచెనో అతడు అప్పుడు చూచెను. ఒక బిడ్డ అన్నము తినుచుండెను, అంతే.

కడకు తిప్పమ చివరి మెతుకులను కూడదీసి, వణకు చేతులతో ముద్ద చేసి, ఆకు అంచున పెట్టి, “అవ్వా, రా” అనెను.

కాకి వచ్చెను. గోడమీది ముద్దను చూడనైన లేదు. పంచలోనికి దిగి, బిడ్డ ఆకు అంచునున్న ముద్దను ముక్కున కరచుకొని, ఏచనవైపు ఒకమారు చూచి పోయెను. ఎంగిలి పితృదేవతలకు ఎట్లు చెల్లునని శాస్త్రజ్ఞులు ముక్కుమీద వేలు వేసికొందురు. వేసికొందురు గాక. చెల్లినది.

తిప్పమ లేచుటకు ఆసరా కొరకు చేయి చాచెను. ఆ చేయి దూలమునకు వ్రేలాడు గంటకు తగిలెను. గంట మ్రోగెను. మ్రోగి ఆగలేదు. సన్నని నాదము పంచలో నిలిచి, వీథిలోనికి పోయి, ఏటివైపు సాగెను. కంచరివీథిలో సుత్తెలు ఆగెను. ఏచన ఎండిన చేయి గంటకు తాకించి, ఆ వణకును అరచేత పట్టుకొని చాలసేపు నిలిచెను.

ఆ నాదము విని పాత పనివారు చూడవచ్చిరి. తరువాతి అమావాస్యకు సత్రపు పంచలో నలుగురు పిల్లలు కూర్చుండిరి, పైనెలకు ఇంకను వచ్చిరి. పిండివంటలు లేవు, అన్నము, పప్పు, పులుసు. ఏచన కడపీటమీద కూర్చుండి, కడపటి బిడ్డ ముగించువరకు లేవలేదు. అక్కసానికి కబురు పోయెను. ఆమె పిల్లలతో వచ్చి, ఏమియు అడుగక, మగని ప్రక్కను ఆకు వేసికొని కూర్చుండెను. చిన్నకొడుకు, నాన్నా చేయి ఎండిపోయినదని సణిగెను. ఏచన నోట తల్లిమాట తనంత తానే వచ్చెను. గంటలకు నాదము తిరిగి వచ్చెను, కొలిమి నిండెను, ఇంట ధాన్యము నిండెను.

ఈ సంగతి విని అదే పట్టణమున లచ్చాంబ యను గృహిణి తన తండ్రి కొరకు ఈ వ్రతము పట్టెను. ఆమెకు పనులెక్కువ. అందుచేత కాలు మాత్రమే కుంటియైన, చకచక తిను బిడ్డను ఏరి తెచ్చుకొనెను. వ్రతము ఇట్టే ముగిసెను. ఆమె ఇంట పెరుగు తోడుకొనలేదు, పాడి ఎండెను, తండ్రి స్వప్నమున వచ్చి వాకిటినుండియే మరలిపోయెను. ఆమె ఏడ్చి ఏచనను అడిగెను. అతడు, నీ తండ్రి నీకు నడక నేర్పినపుడు తొందరపడెనా యని మాత్రము అడిగెను. మరుసటి యేడు ఆమె ఊరంతటిలో అందరికంటె మెల్లగా తిను బిడ్డను పిలిచి, దీపము పెట్టు వేళవరకు కూర్చుండెను. పెరుగు తోడుకొనెను. తండ్రి లోపలికి వచ్చెను.

ఇట్లు చెప్పి చిరంతనుడు మరల కొడవలి అందుకొనెను. శ్రుతశీలుడు, మహాత్మా, ఏచనకు తల్లి లేదను వెలితి తీరెనా యని అడిగెను. తీరలేదని ముని చెప్పెను. అతడు ముసలివాడై పోవునంతవరకు, కూర కుదిరిననాడు అమ్మను పిలువబోయి ఆగుచునే యుండెను. కాని ఒంటిగా తినలేదు. ఇంక నీవు పొమ్ము, నీ ఆశ్రమమునకు పోవు దారిలో ఏటిగట్టున చూపులేని బిడ్డ ఒకతె ఉండును, నేను ముసలివాడను, అంత దూరము నడువలేక ఈ యేడు పిలువలేకపోయితిని, నీవు పిలువుము అనెను. శ్రుతశీలుడు లేచి పోయెను. నాడు అతడు ఒంటిగా తినలేదు.

ఈ వ్రతము తల్లి పోయినవారు చేయవలెను, తండ్రి పోయినవారు చేయవలెను. కడసారి చూపునకు అందనివారు, పోవుటకు ముందు మాటామాటా అనుకొన్నవారు తప్పక చేయవలెను. పీటలు చూచి ముఖము త్రిప్పుకొనువారు, నిలుచుండి తినువారు, ఇంటినిండ జనముండియు ఒంటిగా తినువారు చేయవలెను. సత్రము కట్టగలవారు కట్టుదురు గాక. లేనివారికి ఒక బిడ్డ, రెండు ఆకులు చాలును. బిడ్డను పేరుపెట్టి పిలువవలెను. పోయినవారి పీటను ఖాళీగా ఉంచరాదు, పటము పెట్టరాదు. ఇంటిపెద్ద దానిమీద కూర్చుండవలెను. బిడ్డ అడుగక తినిపింపరాదు. బిడ్డ ముగించువరకు లేవరాదు. కడపటి ముద్ద బిడ్డ చేతితోనే ఆకు అంచున పెట్టింపవలెను.

ఇట్లు చేసినవారికి కలిమి కలుగును, చేసిన పనికి నాదము కలుగును, అలిగినవారు తిరిగి వత్తురు, పెట్టిన ముద్ద చేరవలసినవారికి చేరును. చెప్పినవారికి, విన్నవారికి, విసుగుకొనుచు విన్నవారికి కూడ ఫలము కలుగును. ఎండిన చేయి ఎండిన చేయియే గదా.

కథ ముగిసినది. ఇప్పుడు బంతి కడవైపు చూడుడు. బిడ్డ ముద్ద పెట్టియుండినచో లేచి చేతులు కడుగుకొనవచ్చును. ఇంకను తినుచున్నచో ఎవరును కదలకుడు. కథను మొదటినుండి చెప్పవలెను.